బజారు గుర్రం బక్కపడ్డ ఏడాది

మొన్న దుకాణానికి సరుకు తేవడానికి హైదరాబాద్ పోయాను. ఎండకు తాళలేక, పెంపుడు జంతువుల సామాన్లు అమ్మే ఒక ఏసీ దుకాణంలో దూరాను. లోపల గోడకు ఒక వల వేలాడుతోంది. నల్లటి దారం, రెండు వేళ్లు పట్టే కన్నాలు. దాన్ని చూసి అక్కడే నిలబడిపోయాను. అమ్మే ఆయన పరుగున వచ్చాడు.

“ఇది స్లో ఫీడర్ మేడమ్. ఇందులో ఎండుగడ్డి పెట్టి వేలాడదీస్తే గుర్రం గబగబా మింగలేదు. నాలుగేసి పోచలు లాక్కుంటూ రోజంతా నములుతుంది. ఒళ్లు పెరగదు. ఫారిన్ సరుకు.”

ధర చెప్పాడు. నాకు గుర్రం లేదు. కొనే ఆలోచన లేదు. కట్టేయడానికి జాగా అంతకన్నా లేదు. అయినా ఇరవై నిమిషాలు బేరమాడాను. దారం నలిపి చూశాను, ముడి బిగువుగా లేదన్నాను, పక్క వీధిలో ఇంతకన్నా తక్కువకే ఇస్తున్నారన్నాను. ఆయన సగం ధరకు దిగి వచ్చాక, మా ఆయన్ని అడిగి వస్తానని చెప్పి బయటపడ్డాను. ఆయన కూడా లేడు. నాకింకా పెళ్లి కాలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నవ్వుకుంటూనే ఉన్నాను. పక్క సీటులో ఉన్నామె, “ఏందక్కా, ఏమైంది?” అని అడిగింది. ఒక గుర్రం యాదికొచ్చిందని చెప్పాను. ఆమె కొంచెం జరిగి కూర్చుంది.

నాది పెద్ద వయసేం కాదు. కానీ మా మోత్కూరు బజారులో పదేళ్లంటే చాలా కాలం. రాష్ట్రం వచ్చిన కొత్తలో ఆ బజారు ఇంత వెడల్పు లేదు. రెండు వైపులా అరుగులు, అరుగుల మీద సంచులు, సంచుల మీద మనుషులు. ఎదురెదురు దుకాణాల వాళ్లు కూర్చున్న చోటు నుంచే ఒకరి గిరాకీని ఒకరు లెక్కపెట్టుకునేవాళ్లు. మా కిరాణంలో బెల్లం, ఎండుమిర్చి, కొత్త గోనెసంచి కలిసిన వాసన ఒకటి ఉండేది. అది నా జడలకూ, బడి పుస్తకాలకూ పట్టేది. మా లెక్కల సారు కళ్లు మూసుకుని కూడా నా నోటుబుక్కు ఏదో చెప్పేవారు.

ఆ బజారుకు ఒక గుర్రం ఉండేది. తెల్లది, ముక్కు మీద మాత్రం లేత గులాబీ మచ్చ. దాని యజమాని ఊళ్లో జట్కాలు తిరిగిన రోజుల్లో జట్కా తోలిన మనిషి. ఆటోలు వచ్చి జట్కాలు పోయాక, బండిని విరిచి పొయ్యిలోకి వాడుకుని, పెళ్లిళ్లకు కిరాయికిచ్చే గుర్రాన్ని పెట్టుకున్నాడు. చుట్టుపక్కల పెళ్లికొడుకులంతా ఆ వీపు ఎక్కినవాళ్లే. ఊరందరికీ ఆయన గుర్రం తాత. భార్య లేదు. ఒక్కడే కొడుకు, సర్కారు బడిలో సారు.

పొద్దున్నే తాత గుర్రాన్ని నీళ్లకు తోలుకుపోయే దారి మా బజారు మీదుగానే. దుకాణం పలకలు తీసి, ఊదుబత్తి వెలిగించాక, మొదటి గిరాకీ రాకముందే ప్రతి దుకాణం వాళ్లూ ఒక పిడికెడు ఏదో ఒకటి గుర్రం నోటికి అందించాలి. ఎవరు పెట్టిన ఆచారమో ఎవరికీ తెలియదు. బోణీకి ముందు గుర్రం నోట్లో పిడికెడు పడితే ఆ రోజు గల్లా పరుగెడుతుందని మా అవ్వ చెప్పేది. అవ్వ అంటే మా నాయిన తల్లి. మా దుకాణంలో పేరు నాయినది, పెత్తనం అవ్వది.

ఎవరి దగ్గర ఏముంటే అది పెట్టేవాళ్లు. మేం నానబెట్టిన శనగలు. ఎదురు పండ్ల దుకాణం అరటిపండు, తొక్కతో సహా. హోటల్లో మిగిలిన పూరీలు. పిండిగిర్నీలో తవుడు. మిఠాయి దుకాణంలో కంచం అడుగున రాలిన బూందీ. బట్టల సేటు దగ్గర గుర్రం తినేదేమీ లేక, మా దగ్గరే బెల్లం కొని పెట్టేవాడు, అదీ అరువు మీద. మందుల దుకాణం ఆయన మాత్రం చదువుకున్న మనిషి కనుక గ్లూకోజు పొడి అరచేతిలో పోసి నాకించేవాడు. అందరూ చెప్పేది ఒకటే మాట: మేం పెట్టేది ఒక్క పిడికెడే కదా.

గుర్రం గుండ్రంగా తయారైంది. వెన్ను పొడుగునా గాడి పడి, వానొస్తే అందులో నీళ్లు నిలిచేవి. మెడ మీద జూలు కింద కొవ్వు గట్టిపడి, పట్టుకుంటే కొయ్యలా తగిలేది. అది మా బజారు పచ్చగా ఉందనడానికి నిదర్శనమని మేం మురిసిపోయాం. పక్క ఊరి గుర్రాన్ని చూసి, “పాపం, దానికి దిక్కు లేరు” అని జాలిపడేవాళ్లం.

దసరా వెళ్లిన కొన్నాళ్లకు, ఒక పొద్దున గుర్రం రాలేదు. బజారంతా పలకలు తీసి, చేతుల్లో పిడికిళ్లతో ఎదురుచూస్తోంది. అవ్వ నన్ను శనగల గిన్నెతో తాత ఇంటికి పంపింది. వాకిట్లో గుర్రం వింతగా నిలబడి ఉంది. ముందుకాళ్లు దూరంగా చాపి, బరువంతా వెనక్కి వేసి, మండే పెనం మీద నిలబడ్డట్టు కాలు మార్చి కాలు ఎత్తుతోంది. తాత దాని పక్కన కూర్చుని, “ఏమైంది బిడ్డా, ఏమైంది” అని అదే మాట అంటున్నాడు. తాత కొడుకు అప్పటికే పశువుల డాక్టరమ్మను పిలుచుకొచ్చాడు. కోస్గి దిక్కు నుంచి మా ఊరికి కొత్తగా వచ్చిన మనిషి, సన్నగా, చురుగ్గా ఉండేది. గుర్రం ముందు డెక్క మీద చెయ్యి పెట్టి, నన్నూ పెట్టమంది. వేడి చాయ్ గ్లాసు పట్టుకున్నట్టుంది.

“ఏం పెడ్తున్నరు తాతా దీనికి?”

“నేనేం పెడ్తనమ్మా. జర గడ్డి, జర ఉలవలు. మిగిలింది బజారోళ్లు పెడ్తరు.”

“బజార్ల ఎందరు పెడ్తరు?”

“అందరు.”

ఆమె నా చేతిలో గిన్నె వైపు చూసింది. నేను గిన్నెను వెనక్కి దాచుకున్నాను.

“దీనికొచ్చింది తిండి రోగం. గింజలు, బెల్లం ఎక్కువై కాళ్లకు దిగింది. డెక్క లోపల వాచింది. ఇంకా గిట్లనే పెడితే ఇగ లేవది. సూది ఇస్త, కింద మెత్తగ ఇసుక పొయ్యండి. ఇయాల్టి సంది ఎండుగడ్డి తప్ప ఏం పెట్టొద్దు. గట్ల మీద గరిక ఉంటది కదా, అది కోసి ఎండబెట్టండి. తూకమేసి పెట్టాలె. అట్లని పస్తు పెట్టొద్దు. గుర్రం కడుపు చిన్నది, పొద్దంత ఏదో ఒకటి నములుతుండాలె. ఖాళీగ ఉంటే కడుపునొస్తది, పానం మీదికొస్తది.”

తాత తల గోక్కున్నాడు. “తక్కువ తినాలె, పొద్దంత తినాలె. గదెట్లనమ్మా?”

“గడ్డిని వలల పెట్టి కట్టాలె. చిన్న కన్నాలుంటే ఒక్కో పోచ గుంజుకొని తింటది.”

తాత కొడుకు ఇప్పుడు తండ్రి ముందు గొంతుక్కూర్చున్నాడు. “నాయినా, గడ్డి కోసుడు, మోసుడు, కట్టుడు నీ మోకాళ్లతోని అయితదా? మాఘమాసం పెండ్లిళ్లు షురూ అయ్యేలోపు ఇది కుంటకుండ నడిస్తే నీ ఇష్టం. లేకుంటే అమ్మేద్దాం. యాదగిరిగుట్ట కాడ పెండ్లిళ్లకు గుర్రాలు కిరాయికిచ్చే ఆయన ఉన్నడు, వస్తనన్నడు.”

తాత గుర్రం కాళ్ల వైపు చూస్తూ, “సరే” అన్నాడు. 

నేను ఇంటికొచ్చి, గుర్రానికి శనగలు వద్దన్నారని చెప్పాను. అవ్వ ముక్కు మీద వేలు వేసుకుంది. “ఆ డాక్టరమ్మకు బోణీ సంగతి ఏం ఎరుకనే?”

వల వెతికే పని నామీద వేసుకున్నాను. అప్పటికే నాకు బజారులో పెద్ద బేరగత్తెనని పేరు. ఆ పేరు నేనే పెట్టుకున్నాను. మొదట మా దుకాణంలో ఉల్లిగడ్డల సంచి పట్టుకెళ్లాను. గుర్రం ఒక్క పూటలో దాన్ని చింపి, ప్లాస్టిక్ పోగులు కూడా నమలబోయింది. డాక్టరమ్మ తిట్టిన తిట్లకు ఆ సంచి ముక్కలు ఏరుకుని ఇంటికొచ్చాను. తర్వాత చేపలు పట్టేవాళ్ల వాడకు పోయాను. ఒక పెద్దమ్మ గడప మీద కూర్చుని వల అల్లుతోంది. మూలన ఒక పాత వల కుప్పగా పడి ఉంది, దిట్టమైన దారం.

“పెద్దమ్మా, ఆ పాత వల చేపలకు పనికిరాదు కదా, ఊకెనే ఇయ్యరాదు?”

“చేపలకు పనికిరానిది నీకెందుకే?”

“గుర్రానికి.”

“ఓ అమ్మా! వలేసి గుర్రాన్ని పడ్తవా?”

విషయం చెబితే ఆమె నవ్వు ఆగలేదు. తర్వాత బేరం మొదలైంది. వల మీద ఆమె భర్తకున్న ప్రేమ గురించి చెప్పింది. ఆ వలకు పడిన చేపల పొడవు చేతులు చాపి చూపించింది. నేను చిల్లులు చూపించాను. చివరికి అర కిలో చింతపండుకు ఒప్పించి, గెలిచిన మొహంతో వలను భుజాన వేసుకుని వచ్చాను. వారం తర్వాత ఆమె మా దుకాణంలో అవ్వతో చెబుతుంటే విన్నాను: “ఆ వలను అవుతల పారేసి రమ్మని మా ఆయన నెల సంది మొత్తుకుంటున్నడక్కా. నీ మనుమరాలు చింతపండిచ్చి మరీ కొనుక్కపాయె.” ఆ రోజు సాయంత్రం వరకు అవ్వ నన్ను చూసినప్పుడల్లా చింతపండు తట్ట వైపు చూసేది.

వలను రెండు పొరలుగా మడిచి కుడితే కన్నాలు డాక్టరమ్మ చెప్పిన కొలతకు వచ్చాయి. తాత అందులో గడ్డి కూరి దూలానికి కట్టాడు. గుర్రం వచ్చి, అలవాటు కొద్దీ నోటినిండా పట్టుకుని గుంజింది. మూడు పోచలొచ్చాయి. మళ్లీ గుంజింది. రెండు. అప్పుడది తల తిప్పి నా వైపు చూసిన చూపు నాకు బాగా తెలుసు. చిల్లరకు బదులు చాక్లెట్టు చేతిలో పెడితే గిరాకీ అట్లాగే చూస్తుంది.

ఇక గరిక. పొలాల్లో కలుపు తీసి వచ్చే ఆడవాళ్లు గట్ల మీద గరిక కోసి మోపులు తెచ్చి దించేవాళ్లు. మా దుకాణం డాబా మీద, పండ్ల దుకాణం రేకుల మీద, హోటలు వెనక బండల మీద ఎండబెట్టేవాళ్లం. ఆ కార్తీకమంతా మా బజారులో మిర్చి ఘాటు వెనక్కిపోయి, ఎండిన గరిక తీయటి వాసన ముందుకొచ్చింది. ఒక మధ్యాహ్నం కాలం కాని కాలంలో వాన కొట్టి రెండు మోపులు తడిసిపోయాయి. నాలుగు రోజులకు వాటికి బూజు వాసన పట్టింది.

“ఫికర్ ఎందుకు? అడుగున గిది, పైన మంచిది ఏస్తే ఎవలకెరుక?” అంది అవ్వ.

“గుర్రానికెరుక అవ్వా, ముక్కుంది దానికి,” అని డాక్టరమ్మ ఆ మోపులు పారబోయించింది. అంతేకాదు, మంచి గడ్డిని కూడా తినబెట్టే ముందు నీళ్లలో నానేసి, ఆ నీళ్లు వంపేయమంది. గడ్డిలో ఉండే తీపి కొంత కడిగిపోతుందట.

తాత నోరు తెరిచాడు. “గడ్డిని గూడ కడిగి పెట్టాల్నా? ఇది పెండ్లికొడుకును మోసే గుర్రమా, పెండ్లికొడుకా?”

గడ్డి తూకం మా దుకాణంలోనే. బడికి పోయే ముందు కొండి తరాజుకు తగిలించి రోజు గడ్డిని నాలుగు వాటాలు చేసేదాన్ని. మొదటి రోజు తూకం సరిపోయాక, చెయ్యి ఊరుకోక, పైన ఒక గుప్పెడు కొసరు వేశాను. డాక్టరమ్మ చూసింది. “కొసరుతోనే కాదా ఇదంత వచ్చింది?” అంది. ఆ గుప్పెడు తీసేస్తుంటే, గిరాకీ చేతిలోంచి లాక్కున్నంత సిగ్గేసింది.

సూదులు, ఇసుక, గడ్డి కలిసి పనిచేశాయి. రెండు వారాలకు గుర్రం నొప్పి లేకుండా నాలుగు అడుగులు వేసింది. తాత ఇంటికి ఎదురుగానే రైసుమిల్లు, ఆ మిల్లులో వడ్ల లారీలు తూచే ధర్మకాంట. గుర్రం బరువు తగ్గుతోందో లేదో అక్కడ చూద్దామన్న ఆలోచన నాదే. కాంట మీద ఇనుప పలక చప్పుడుకు గుర్రం ఎక్కనంది. తాత ఎక్కి పిలిచాడు, నేనెక్కి పిలిచాను, తాత కొడుకు సారు వెనక నుంచి నెట్టాడు. చివరికి అందరం ఎక్కాక అదీ ఎక్కింది. కాంటలో కూర్చున్నాయన కిటికీలోంచి తల బయట పెట్టి, “గుర్రం తూకం కావాల్నా, పెండ్లి బరాత్ తూకం కావాల్నా?” అన్నాడు. మేం ఒక్కొక్కరం మెల్లగా దిగాం. గుర్రం ఒక్కటే మిగిలాక కాంట నాలుగు వందల ముప్పై చూపించింది. బయట నిలబడ్డ బజారు జనం చప్పట్లు కొట్టారు. తగ్గించడానికి వచ్చామన్నది మరిచిపోయి నేనూ కొట్టాను.

మూడు వారాల తర్వాత మళ్లీ ఎక్కించాం. నాలుగు వందల ముప్పై.

డాక్టరమ్మ చీటీని అటూ ఇటూ తిప్పింది. “తూకమేసిన గడ్డి మీద ఇన్ని దినాలు ఉంటే పది కిలోలన్న తగ్గాలె. ఎవరో చాటుకు పెడ్తున్నరు.”

“నా మీద ఒట్టు,” అన్నాడు తాత. “నేను గింజ ముట్టలె.”

ఇంట్లోకి పోయి ఆయన మంచం మీద కూర్చుండిపోయాడు. మాఘం రావడానికి రెండు నెలలు కూడా లేదు. సారు గుట్ట దగ్గరి ఆయనకు ఫోను చేసి, రావలసిన రోజు ఖాయం చేశాడని మర్నాడు తెలిసింది.

దొంగను పట్టే పని కూడా నేనే తీసుకున్నాను. గుర్రం వాకిట్లో గుంజ దగ్గర నేలను చూస్తే ఎర్ర చీమల బారు. గుంజ నుంచి గోడ మీదికి, గోడ మీద నుంచి గుర్రం మూతి ఆనే చోటికి. అంటే బెల్లం. మర్నాడు పొద్దు పొడవకముందే పోయి, గడ్డి మోపు వెనక నక్కాను. కాసేపటికి వాకిట్లోకి ఒక మనిషి వచ్చింది. కొంగు మూట విప్పి, గుర్రం మూతి కింద పట్టింది. నానిన శనగల వాసన. ఆ కొంగు నేను ఎక్కడైనా గుర్తుపడతాను.

“అవ్వా!”

అవ్వ ఉలిక్కిపడలేదు. “మెల్లగ మాట్లాడు. తాత లేస్తడు.”

“డాక్టరమ్మ వద్దన్నది కదనే!”

“పిడికెడే కదనే. బోణీ ఎట్ల? వారం సంది గిరాకీ చూస్తున్నవా నువ్వు?” అని గుర్రం నోరు తుడుస్తూ, “మరి ఆ మోపు వెనక నువ్వేం చేస్తున్నవే?” అంది.

“దొంగను పడ్తున్న.”

“కుడి చెయ్యి తెరువు.”

తెరిచాను. అరచేతిలో బెల్లం ముక్క. అది లెక్కలోకి రాదని నేను నిజంగానే నమ్మాను. ఇంత చిన్నది. రోజుకొక్కటి. వలలోంచి రెండు పోచలే వచ్చినప్పుడు అది చూసే చూపు తట్టుకోలేక పెట్టేదాన్ని. ఆ చీమలు నా చీమలే.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటుండగా, వాకిలి అవతల చెప్పుల చప్పుడైంది. మందుల దుకాణం ఆయన, చేతిలో గ్లూకోజు పొట్లం. ఆయన వెనక కొంచెం దూరంలో బట్టల సేటు. పూరీలు చుట్టిన పేపరు చంకలో పెట్టుకుని హోటలాయన. గుర్రం బజారుకు రాలేకపోతే బజారే గుర్రం దగ్గరికి వస్తోంది, ఒకరికి తెలియకుండా ఒకరు, వంతులు వేసుకున్నట్టు.

ఆ రోజు వాళ్లకు ఎంత చెప్పినా లాభం లేదని నాకు తెలుసు. మా వాళ్లు మాట నమ్మరు, తరాజు ముల్లును నమ్ముతారు. అందుకే మర్నాడు పొద్దున ఒక గోనెసంచి పట్టుకుని అన్ని దుకాణాలూ తిరిగాను. “గుర్రానికి రోజూ పెట్టే పిడికెడు గిందుల ఎయ్యండి” అన్నాను. ఎవరి అలవాటు ప్రకారం వాళ్లు వేశారు. ఎవరూ తక్కువ వేయలేదు, పరువు పోతుందని. సంచిని మా అరుగు మీద తరాజుకు తగిలించాను. ముల్లు నాలుగు కిలోలు దాటి ఆగింది. శనగలు, పూరీలు, తవుడు, అరటితొక్కలు, అడుగున పాకంలా కరిగిన బూందీ.

అరుగు చుట్టూ చేరిన జనం సంచిలోకి తొంగి చూశారు. “గిదంత ఒక్క పూటదా?” అన్నాడు బట్టల సేటు.

“మేం పెట్టేది పిడికెడే,” అంది అవ్వ, ఈసారి కొంచెం చిన్నగా.

కానీ ఆచారం మానమంటే మానేవాళ్లు కాదు. ఆ సంగతి తేల్చింది కూడా అవ్వే. సంచి వైపు చాలాసేపు చూసి, “పిడికెడు పెట్టాలన్నరు గని, ఏం పెట్టాలన్నరు?” అంది. “గడ్డి పెడ్దాం. గరిక దేవునికే పెడ్తం, గుర్రానికి పెడితే తప్పా?”

ఆ రోజు నుంచి తూకం వేసిన గడ్డిలో ఒక వాటా మా అరుగు మీద ఉండేది. పొద్దున ప్రతి దుకాణం వాళ్లూ వచ్చి అందులోంచి ఒక పిడికెడు తీసుకుపోయి, తాత వాకిట్లో వలలో తమ చేత్తో కూరి వచ్చేవాళ్లు. బట్టల సేటు ఎవరి పిడికెడు పెద్దదో చూసి తగాదా పెట్టుకునేవాడు. నేను బెల్లం మానేశాను. రెండు రోజులు చెయ్యి దురద పెట్టింది.

తర్వాత తూకానికి నాలుగు వందల పది. ఆ తర్వాత తొంభై, అంటే మూడు వందల తొంభై. వెన్ను మీద గాడి పూడింది. మెడ మీద కొయ్య మెత్తబడి, పట్టుకుంటే అటూ ఇటూ కదిలింది. అవ్వ మాత్రం రోజూ, “నా బిడ్డ సగమాయె” అని కళ్లొత్తుకునేది. పుష్యమాసం చివర ఒక పొద్దున డాక్టరమ్మ వచ్చి గుర్రం డొక్క మీద అరచెయ్యి వేసి నొక్కి, “ఎముక కంటికి కనపడొద్దు, చేతికి తగలాలె. తగుల్తుంది. తాతా, ఇగ బజారుకు తోలు” అంది.

ఆ పొద్దున బజారు ఎట్లా ఉందో చెప్పలేను. పలకలు తీసిన వాళ్లెవరూ గల్లా దగ్గర కూర్చోలేదు. తాత పగ్గం పట్టుకుని ముందు, గుర్రం వెనక. రాళ్లు తేలిన రోడ్డు మీద డెక్కల చప్పుడు నాలుగూ ఒకే తీరుగా పడుతోంది. అందరం చెవులతో చూస్తున్నాం. గుర్రం ప్రతి దుకాణం ముందూ ఆగి మూతి చాపింది. ప్రతివాళ్లూ ఖాళీ చేతులు చూపించారు. మందుల దుకాణం ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. బస్టాండు దాకా పోయి, తిరిగి మా అరుగు దాకా వచ్చింది. ఎక్కడా కుంటలేదు. తాత కొడుకు ముందుకు వచ్చి తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు.

సరిగ్గా అప్పుడే గుట్ట దగ్గరి ఆయన జీపు దిగాడు. చెప్పిన రోజుకు వచ్చాడు మరి. గుర్రం చుట్టూ రెండు సార్లు తిరిగాడు, పళ్లు చూశాడు, కాలెత్తి చూశాడు. రోగిష్టి గుర్రాన్ని చవకగా కొట్టేద్దామని వచ్చిన మనిషి మొహం మారిపోయింది. ఒక ధర చెప్పాడు. మా అరుగు మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడే ధర అది.

సారు తండ్రిని చూశాడు. “నాయినా, ఇది నడిచింది, నీ మాట నెగ్గింది. అమ్మాలని నేననను. గని గింత ధర మళ్ల ఎవ్వలియ్యరు. నీ మోకాళ్లు సుత చూసుకో. నువ్వే చెప్పు.”

తాత పగ్గాన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.  “నాకు బేరం రాదు. గీ పొల్ల మాట్లాడ్తది. ఇది ఎట్లంటే గట్ల,” అని నన్ను చూపించాడు.

బజారు ఛాతీ ఉబ్బింది. మా పొల్ల ఇప్పుడు చూడు, ఆ ధరను ఎక్కడికి లాగుతుందో అన్నట్టు అవ్వ ఒక సంచి జరిపి నాకు కూర్చునే చోటు ఇచ్చింది. ఎట్లా లాగాలో నాకు తెలుసు. మొదట సరుకును మెచ్చుకోవాలి, ఇంకెవరో అడిగి వెళ్లారని చెప్పాలి, తర్వాత మాట్లాడకుండా ఊరుకోవాలి. తాత నా వైపు చూడడం లేదు. గుర్రం చెవి వెనక గోకుతున్నాడు. అది కళ్లు సగం మూసుకుంది.

“అన్నా,” అన్నాను, “దీనికి కాళ్ల రోగమొచ్చి పోయింది. మళ్లొస్తది.”

అవ్వ నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

“గింజలు పెట్టొద్దు. బెల్లం పెట్టొద్దు. పెండ్లిల ఎవరన్న లడ్డు పెట్టబోతే మీరు అడ్డం పడాలె. గరిక కోపియ్యాలె, ఎండబెట్టాలె, తూకమెయ్యాలె. నానబెట్టి, నీళ్లు వంపి, వలల కూరి, రోజుకు నాలుగుసార్లు కట్టాలె. వల కొరుకుతది, మళ్ల కుట్టాలె. ఒక్క పూట మరిస్తే కడుపునొస్తది. ఒక్క పిడికెడు ఎక్కువైతే కాళ్లు పడ్తయి. నెలకోపారి ధర్మకాంట ఎక్కించాలె. ఎక్కనంటది, ముందుగాల మీరెక్కాలె.”

“గింత పని ఎవరు చేస్తరు బిడ్డా?”

“మేం బజారోళ్లందరం చేస్తున్నం. మీకాడ ఎంతమంది ఉన్నరు?”

ఆయన గుర్రాన్ని చూశాడు, తాతను చూశాడు, అరుగుల మీద నిలబడ్డ మమ్మల్నందరినీ చూశాడు. “నేను గుర్రం కోసమొచ్చిన బిడ్డా, ఇల్లరికపు అల్లుని కోసం కాదు,” అని నవ్వి, జీపెక్కి పోయాడు.

“సరుకుల ఉన్న లోపమంత గిరాకీకి చెప్పినవా?” అంది అవ్వ. “నువ్వు మా ఇంట్లనే పుట్టినవానే?”

తాత గుర్రాన్ని మెల్లగా వెనక్కి తిప్పి, ఇంటి దారి పట్టాడు. సారు గడ్డి వాటా సంచిని తన భుజానికి ఎత్తుకుని వాళ్ల వెనక నడిచాడు.

ఆ మాఘంలో ఆ గుర్రం ఏడు పెళ్లిళ్లకు పోయింది. తర్వాత కూడా ఇంకొన్నేళ్లు పోయింది. ప్రతి పెళ్లిలోనూ లడ్డూలకు అడ్డం పడడానికి సారు వెంట వెళ్లేవాడు, బడి లేని రోజుల్లో. మెల్లమెల్లగా డీజే బండ్లు వచ్చాయి, పెళ్లికొడుకులు కార్ల పైకప్పులోంచి తలలు బయటపెట్టడం మొదలుపెట్టారు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా అరుగులన్నీ పోయాయి. గుర్రం మాత్రం తాత వాకిట్లోనే ముసలిదైంది. పిలిచే పెళ్లి లేకపోయినా పొద్దున పిడికెడు గరిక అందేది. ఒక చలికాలం పొద్దున, నోట్లో రెండు పోచలతో, ఇసుక మీద పడుకుని పోయింది. ఆ రోజు బజారులో ఎవరూ మధ్యాహ్నం దాకా పలకలు తీయలేదు.

ఇంటర్ చదివే రోజుల్లో సెలవులకు వచ్చినప్పుడు తాతను చూడబోయాను. కొడుకు ఇంటి వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అదీ ఇదీ మాట్లాడాక, చిన్నగా గొంతు తగ్గించి అడిగాడు.

“నిజం చెప్పు పొల్లా. ఆ రోజు కావాల్నని చెడగొట్టినవా, బేరం రాక చెడిందా?”

“బేరం రాకనే చెడింది తాతా.”

ఆయన పళ్లు లేని నోటితో చాలాసేపు నవ్వాడు.

“పో పొల్లా,” అన్నాడు. “గంత మంచిగ చెడగొట్టుడు బేరం రానోళ్లతోని అయ్యే పని కాదు.”